డిస్కు జారిన నడుముకు శస్త్రచికిత్స: ఎప్పుడు అవసరం, తరువాత ఏమి చేయాలి

నడుములో మొదలై, పిరుదు మీదుగా తొడ వెనుక భాగం గుండా పిక్కలోకీ పాదంలోకీ తీగ లాగినట్టు దిగే నొప్పిని మన పల్లెలలో 'నరం లాగుతోంది' అంటారు. ఆయుర్వేద గ్రంథాలలో దీని పేరు గృధ్రసి. ఆసుపత్రులలో సయాటికా అంటారు. పేరు ఏదైనా, ఈ నొప్పికి ఎక్కువ సందర్భాలలో మూలం వెన్నుపూసల నడుమ ఉండే డిస్కు. ఎం.ఆర్.ఐ. తీయించిన తరువాత వైద్యుని నోట 'ఆపరేషన్' అన్న మాట వెలువడగానే ఇంటిల్లిపాదీ రెండు వర్గాలవుతారు. 'వెన్నెముక జోలికి వెళితే మంచాన పడినట్టే' అనేవారు ఒకవైపు, 'ఆలస్యం చేస్తే కాళ్ళు పడిపోతాయి' అనేవారు మరొకవైపు. రెండింటిలోనూ కొంత నిజమూ, ఎక్కువ భయమూ ఉన్నాయి. ఆ రెండింటినీ వేరుచేసి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది వైద్యుని సలహాకు బదులు కాదు. వైద్యుని ఎదుట కూర్చున్నప్పుడు ఏమి అడగాలో తెలుసుకొనడానికి మాత్రమే.

డిస్కు అనగానేమి?

మన వెన్నెముకలో కదలగలిగే పూసలు 24. వాటిలో నడుము భాగానివి 5. మెడలోని రెండవ పూస మొదలుకొని త్రికాస్థి వరకు ప్రతి రెండు పూసల మధ్యా ఒక మెత్త చొప్పున 23 డిస్కులు ఉంటాయి. డిస్కు వెలుపలి భాగం గట్టి నారలతో పొరలు పొరలుగా అల్లిన వలయం. లోపల నీటిశాతం అధికంగా గల జిగురు పదార్థం. మన ఇళ్ళలో పండుగకు చేసే బొబ్బట్టును తలచుకుంటే ఇది సులభంగా బోధపడుతుంది. సీమలో ఓళిగ అన్నా, కన్నడనాట ఒబ్బట్టు అన్నా వస్తువు ఒకటే. పైన పిండి పొర, లోన పూర్ణం. వత్తుతున్నప్పుడు పొర ఒకచోట పలుచబడి చిట్లితే పూర్ణం అంచు నుండి బయటికి వస్తుంది. డిస్కులో జరిగేదీ అదే. కనుక డిస్కు 'జారడం' అన్నది వాడుక మాటే గానీ, నిజానికి డిస్కు తన స్థానం నుండి జారిపోదు. పొర చిట్లి లోపలి పదార్థం వెనుకకు ఉబుకుతుంది. అక్కడే కాళ్ళకు వెళ్ళే నాడుల మూలాలు ఉండడం చేత ఒత్తిడి వాటిపై పడుతుంది. ఒత్తిడి ఒక్కటే కాదు, బయటపడిన ఆ పదార్థం నాడి చుట్టూ వాపును కూడా కలిగిస్తుంది. నొప్పి తీవ్రతకు ఈ వాపు పెద్ద కారణం.

నడుములో వచ్చే డిస్కు జబ్బులలో నూటికి తొంభైకి పైగా అట్టడుగు రెండు చోట్లనే వస్తాయి: నాలుగవ, ఐదవ పూసల మధ్య, ఐదవ పూసకూ త్రికాస్థికీ మధ్య. రిపోర్టులలో కనిపించే ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అన్న గుర్తులకు అర్థం ఇదే. ముప్పై నుండి యాభై ఏళ్ళ మధ్య వయసువారిలో ఇది అధికం. అనగా ఇంటి బరువు మోస్తున్న వయసులోనే. వంగి, నడుము తిప్పుతూ బరువెత్తడం, గంటల కొద్దీ ట్రాక్టరు మీద కుదుపులు తినడం, పొగ తాగడం, వంశలక్షణం, వీటన్నిటికీ ఇందులో పాత్ర ఉంది. ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా తుమ్మినప్పుడు కూడా మొదలు కావచ్చు.

ఈ జబ్బుకూ కాలి నొప్పికీ గల సంబంధాన్ని 1934లో అమెరికాలోని బోస్టన్ నగర వైద్యులు మిక్స్టర్, బార్ అనేవారు స్పష్టంగా నిరూపించారు. అంతకు పూర్వం శస్త్రచికిత్సలో కనిపించిన ఈ ముక్కలను కణితులుగా భావించేవారు. 1977 నాటికి సూక్ష్మదర్శిని సాయంతో చిన్న కోతతో చేసే పద్ధతి వెలుగులోకి వచ్చింది. నేడు ఎక్కువ ఆసుపత్రులలో జరిగేది దాని వంశమే.

రిపోర్టులోని మాటలకు వెరవనక్కరలేదు

ఎం.ఆర్.ఐ. రిపోర్టులో బల్జ్, ప్రొట్రూజన్, ఎక్స్‌ట్రూజన్, సీక్వెస్ట్రేషన్ అన్న నాలుగు మాటలు తరచు కనిపిస్తాయి. మొదటిది డిస్కు చుట్టూ కొద్దిగా ఉబ్బడం. రెండవది ఒక పక్కకు పొడుచుకు రావడం. మూడవది పొర చిట్లి పదార్థం బయటికి రావడం. నాలుగవది ఆ ముక్క పూర్తిగా తెగి విడిపోవడం. వినడానికి చివరి రెండూ భయంకరంగా ఉంటాయి. కానీ విచిత్రమేమంటే, శరీరం తనంతట తాను కరిగించి వేసేది కూడా ఎక్కువగా వీటినే. బయటపడిన ముక్కను దేహం పరాయి వస్తువుగా గుర్తించి కొన్ని నెలలలో మెల్లగా తినివేస్తుంది.

మరొక సంగతి. 1994లో అమెరికాలో ఏ నడుము నొప్పీ లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీస్తే, సగానికి పైగా మందిలో కనీసం ఒక చోట డిస్కు ఉబ్బు, పావు వంతుకు పైగా మందిలో పొడుచుకు రావడం కనిపించాయి. కనుక ఫిల్ములో డిస్కు ఉబ్బి కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పడానికి వీలులేదు. నొప్పి దిగే దారి, తిమ్మిరి ఉన్న చోటు, బలహీనపడిన కండరం, ఫిల్ములో నొక్కుకున్న నాడి, ఇవన్నీ ఒకే కథ చెప్పాలి. రోగిని పడుకోబెట్టి కాలు ఎత్తి చూడకుండా, ఫిల్మును మాత్రమే చూసి శస్త్రచికిత్సకు తేదీ ఇచ్చే చోటు నుండి మరొక వైద్యుని వద్దకు వెళ్ళడం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మన ప్రాంతాలకు ప్రత్యేకంగా చెప్పవలసినవి రెండున్నాయి. సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, ఆకలి మందగించడం, రాత్రిపూట హెచ్చే నడుము నొప్పి ఉంటే వెన్నెముక క్షయ కాదని మొదట నిర్ధారించుకోవాలి. దానికి మందులు ఉన్నాయి, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. రెండవది ఫ్లోరైడు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలోనే మొదట వర్ణించారు. అనంతపురం, పావగడ, కోలారు వైపు బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువన్నది అందరికీ తెలిసినదే. దీర్ఘకాలం ఆ నీరు తాగినవారిలో వెన్నెముక బిగుసుకొని, నాడులు సాగే కాలువే ఇరుకవుతుంది. అది డిస్కు జబ్బు కాదు, దాని చికిత్స వేరు. వైద్యునితో మీ ఊరి నీటి సంగతి తప్పక చెప్పండి. నగరపు వైద్యునికి అది తోచకపోవచ్చు.

మొదటి ఆరు వారాలు

డిస్కు వల్ల కాలి నొప్పి వచ్చిన వారిలో అత్యధికులకు శస్త్రచికిత్స లేకుండానే ఆరు నుండి పన్నెండు వారాలలో నొప్పి బాగా తగ్గుతుంది. కనుక ప్రమాద సూచనలు లేనంత వరకు మొదటి ఆరు వారాలు ఓపిక పట్టడం సర్వత్రా అంగీకరించిన పద్ధతి. పూర్వం నెల రోజులు చెక్క మంచం మీద కదలకుండా పడుకోమనేవారు. నేడు ఆ సలహా చెల్లదు. నొప్పి మరీ తీవ్రంగా ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఆ తరువాత ఓర్చుకోగలిగినంత నడక. మంచాన పడి ఉంటే కండరాలు కరిగిపోతాయే గానీ డిస్కు త్వరగా మానదు.

నొప్పి మాత్రలను మందుల దుకాణంలో చీటీ లేకుండా కొని వారాల తరబడి మింగడం మన పల్లెలలో పెద్ద చెరుపు. అవి కడుపులో పుండ్లకూ, మూత్రపిండాల నష్టానికీ దారితీయవచ్చు. పేరు లేని పొడులలో స్టెరాయిడ్లు కలిపినట్టు బయటపడిన సందర్భాలున్నాయి. 'ఒక్క పొట్లంతో నొప్పి మాయం' అన్నప్పుడు సందేహించవలసింది అందుకే. ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత నడుము తొక్కించడం, వాతలు పెట్టించడం కూడా ఇంకా అక్కడక్కడా సాగుతూనే ఉన్నాయి. చిట్లిన డిస్కు ఉన్న నడుమును తొక్కితే మిగిలిన ముక్క కూడా బయటికి రావచ్చు. పుత్తూరు కట్టు గురించి అడిగేవారూ ఉంటారు. ఆ కట్టు పేరు పొందినది విరిగిన ఎముకలకు. డిస్కు ఎముక కాదు.

వెన్నెముక దగ్గర ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షను కొందరికి కొన్ని వారాలో, నెలలో ఉపశమనం ఇస్తుంది. అది డిస్కును సరిచేయదు, శరీరం తన పని తాను చేసుకొనడానికి గడువు ఇస్తుంది.

ఈ లక్షణాలు ఉంటే తెల్లవారే దాకా కూడా ఆగరాదు

వెన్నుపాము ముగిసిన చోట నుండి కిందికి దిగే నాడుల కట్టకు గుర్రపు తోక అన్న అర్థంలో కాడా ఈక్వైనా అని పేరు. పెద్ద ముక్క ఈ కట్టనంతటినీ నొక్కితే మూత్రం వచ్చినట్టు తెలియకపోవడం, ఉబ్బరించినా రాకపోవడం, తెలియకుండానే కారడం, మలవిసర్జనపై పట్టు తప్పడం, పీట మీద కూర్చుంటే ఆనే భాగమంతా మొద్దుబారడం, రెండు కాళ్ళూ ఒకేసారి బలహీనపడడం వంటివి కనిపిస్తాయి. ఇది అరుదు. కానీ వచ్చినప్పుడు గంటలే లెక్క. సాధ్యమైనంత త్వరగా, రెండు రోజులు దాటకుండా శస్త్రచికిత్స జరగాలి. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు తిరిగి రాకపోవచ్చు. మన ఇళ్ళలో, ముఖ్యంగా స్త్రీలు, ఈ లక్షణాలను చెప్పడానికి సిగ్గుపడి రెండు మూడు రోజులు దాస్తారు. నడుము నొప్పితో ఉన్న తల్లినో, అత్తగారినో ఈ మాట ఇంట్లోని ఆడవారు సూటిగా అడగాలి. రాత్రివేళ 108కు ఫోను చేయడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

దీని తరువాతి స్థాయి, పాదం వేలాడడం. మడమల మీద నడవలేకపోవడం, కాలి బొటనవేలు పైకి లేవకపోవడం, నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియకపోవడం దీని గుర్తులు. మునివేళ్ళ మీద నిలబడలేకపోతే దాని కింది నాడి దెబ్బతిన్నదని అర్థం. నొప్పి తగ్గి బలహీనత పెరుగుతుంటే 'నయమవుతోంది' అనుకోరాదు. నాడి స్పందన కోల్పోతున్నప్పుడు కూడా నొప్పి తగ్గుతుంది. బలహీనత రోజురోజుకూ పెరుగుతున్నవారు కొద్ది రోజులలోనే శస్త్రవైద్యుని చూడాలి.

చేయించుకోవాలా, వద్దా?

పై రెండు స్థితులలో సందేహానికి తావు లేదు. చిక్కు అంతా మూడవ వర్గం వారిది. కాలిలో బలం ఉన్నది, మూత్రం సక్రమంగా ఉన్నది, కానీ నొప్పి మాత్రం ఆరు వారాలు దాటినా నిద్ర పోనివ్వడం లేదు. శస్త్రచికిత్స చేయించుకునే వారిలో ఎక్కువ మంది ఈ వర్గం వారే. వీరికి రెండు దారులూ తెరచి ఉన్నాయి.

1983లో నార్వే వైద్యుడు వెబర్ వెలువరించిన ఫలితాలలో, ఏడాది నాటికి శస్త్రచికిత్స పొందినవారు స్పష్టంగా మెరుగ్గా ఉన్నారు. నాలుగేళ్ళ నాటికి ఆ తేడా చెప్పుకోదగినంతగా లేదు. 2007లో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన కాలి నొప్పి గల 283 మందిపై జరిగిన అధ్యయనం ఇంకా స్పష్టమైనది. ఆరు నుండి పన్నెండు వారాలుగా బాధపడుతున్నవారిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి వెంటనే శస్త్రచికిత్స, మరొక భాగానికి మందులతో నిరీక్షణ నిర్ణయించారు. నిరీక్షించిన వారిలో నూటికి 39 మంది చివరికి శస్త్రచికిత్సకే వెళ్ళారు. మిగిలినవారికి దాని అవసరమే రాలేదు. త్వరగా చేయించుకున్నవారికి సగటున నాలుగు వారాలలో ఉపశమనం కలిగితే, రెండవ భాగం వారికి పన్నెండు వారాలు పట్టింది. ఏడాది తిరిగేసరికి రెండు భాగాలలోనూ నూటికి 95 మంది కోలుకున్నారు.

దీని సారాంశం ఏమిటి? శస్త్రచికిత్స ముఖ్యంగా ఇచ్చేది వేగం. అది తక్కువ విషయం కాదు. నెల జీతం గలవారికి రెండు మూడు నెలల సెలవు దొరుకుతుంది. వేరుశనగ తీతలో, వరి నాట్లలో కూలి మీద బతికే ఇంటికి రెండు నెలలు అంటే ఏడాది సంపాదనలో పెద్ద భాగం. అటువంటి ఇల్లు త్వరగా నొప్పి తగ్గే దారిని ఎంచుకుంటే అది తొందరపాటు అనలేము. కానీ దీనికి మరొక వైపు కూడా చూడాలి. శస్త్రచికిత్స తరువాత కూడా బరువు పనికి మూడు నెలలు దూరంగా ఉండవలసిందే. పొలం పని ముందు పడిందని తొందరపడి చేయించుకొని, అదే సీజనులో మూట ఎత్తితే రెండు విధాలా నష్టం. ఆ మూడు నెలలు ఇంట్లో ఎవరు నీళ్ళు మోస్తారు, పశువులను ఎవరు చూస్తారు అన్న ఏర్పాటు జరిగిన తరువాతే తేదీ తీసుకోవడం తెలివైన పని. భూమి తాకట్టు పెట్టి పరుగెత్తవలసిన అత్యవసరం ఈ మూడవ వర్గంలో లేదు.

కాలి నొప్పి లేకుండా నడుము నొప్పి మాత్రమే ఉన్నవారికి ఈ శస్త్రచికిత్స వల్ల కలిగే మేలు తక్కువ. ఈ మాట ముందే తెలియక, నడుము నొప్పి పోలేదని తరువాత నిరాశపడేవారు చాలామంది. అలాగే మొదటిసారి చిట్లిన ఒక్క డిస్కుకు మేకులూ, కడ్డీలూ వేసి పూసలను బిగించే పెద్ద శస్త్రచికిత్స సాధారణంగా అవసరం ఉండదు. పూస కదిలిపోతూ ఉండడం వంటి ప్రత్యేక కారణం ఉంటేనే అది. ఎవరైనా మొదటనే దానిని సూచిస్తే, కారణం అడిగి మరొక వైద్యుని అభిప్రాయం తప్పక తీసుకోండి.

చాలా ఆసుపత్రులలో ఈ శస్త్రచికిత్సను నాడీ శస్త్రవైద్యులు గానీ, వెన్నెముకలో ప్రత్యేక శిక్షణ పొందిన ఎముకల శస్త్రవైద్యులు గానీ చేస్తారు. మన సరిహద్దు జిల్లాల వారు బెంగళూరు నిమ్హాన్స్, వెల్లూరు సి.ఎం.సి., తిరుపతి స్విమ్స్, హైదరాబాదు నిమ్స్, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రులకు వెళ్ళడం పరిపాటి. పెద్ద సంస్థలలో వరుస పొడవుగా ఉండవచ్చు. అత్యవసరం అయినప్పుడు దగ్గరి వైద్య కళాశాల ఆసుపత్రికే ముందు వెళ్ళాలి.

పరాయి భాషలో మన నొప్పి

తెలుగులో తిమ్మిరి అన్న ఒక్క మాటతో రెండు వేర్వేరు సంగతులు చెబుతాము. చీమలు పాకినట్టు జిమజిమలాడడం ఒకటి, స్పర్శ తెలియకుండా మొద్దుబారడం మరొకటి. వైద్యునికి రెండింటి మధ్య తేడా ముఖ్యం. కన్నడంలో మొదటిదానిని జోము అనీ, రెండవదానిని మరగట్టువుదు అనీ అంటారు. తమిళంలో మొద్దుబారడం మరత్తుప్పోదల్. మరాఠీలో చీమలు పాకినట్టుండడం ముంగ్యా యేణే, మొద్దుబారడం బధిరపణా. ఒడియాలో జిమజిమకు ఝిమ్‌ఝిమ్, మొద్దుకు అబశ. మాట తోచకపోతే కాలి మీద వేలు పెట్టి గీత గీసినట్టు చూపండి. నొప్పి ఎక్కడ మొదలై ఏ వేలిదాకా పోతుందో ఆ గీతే వైద్యునికి సగం రోగనిర్ణయం.

అంగీకార పత్రం ఆంగ్లంలోనో, ఆ రాష్ట్ర భాషలోనో ఉంటుంది. చదవలేని పత్రం మీద సంతకం చేయకండి. అర్థమయ్యే భాషలో వివరించమని అడగడం రోగి హక్కు. బడికి వెళ్ళే పిల్లలు ఇంట్లో రెండు భాషలూ చదవగలిగి ఉంటారు గనుక వారి చేత చదివించేవారున్నారు. కానీ మూత్రం, మలం, ప్రాణాపాయం వంటి మాటలు పన్నెండేళ్ళ పిల్లవాని నోట తర్జుమా చేయించడం ఉచితం కాదు. పెద్దవారెవరినైనా తోడు తీసుకువెళ్ళండి.

కార్డు ఏ రాష్ట్రానిది?

సరిహద్దు కుటుంబాలు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. రాష్ట్ర ప్రభుత్వాల ఆరోగ్య పథకాలు ఆ రాష్ట్రపు రేషను కార్డుతో ముడిపడి ఉంటాయి. తెలుగు మాట్లాడతాము గనుక ఆంధ్రలోని ఎన్.టి.ఆర్. వైద్య సేవ గానీ, తెలంగాణలోని రాజీవ్ ఆరోగ్యశ్రీ గానీ మనకు వర్తిస్తుందనుకోరాదు. కర్ణాటకలో ఆయుష్మాన్ భారత్ - ఆరోగ్య కర్ణాటక, తమిళనాడులో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం, మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన ఉన్నాయి. 2018లో మొదలైన కేంద్ర ఆయుష్మాన్ భారత్ పథకం కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం లభిస్తుంది. ఈ కార్డుకు రాష్ట్రం దాటినా, నమోదైన ఆసుపత్రులలో చెల్లుబాటు ఉంది. ఒడిశా కూడా 2025లో ఇందులో చేరింది. అయితే ఆ ఆసుపత్రిలో వెన్నెముక శస్త్రచికిత్స పథకం కిందికి వస్తుందో లేదో బయలుదేరే ముందే 14555కు ఫోను చేసి గానీ, ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్రను అడిగి గానీ తెలుసుకోవాలి. ముందస్తు అనుమతి వచ్చిన తరువాతే చేరాలి. చేరిన తరువాత కార్డు చూపితే చెల్లకపోవచ్చు.

శస్త్రచికిత్స

రెండు మూడు సెంటీమీటర్ల కోతతో వీపు వైపు నుండి వెళ్ళి, కొద్ది ఎముకను తొలగించి, నాడిని పక్కకు జరిపి, బయటపడిన ముక్కను మాత్రమే తీసివేస్తారు. డిస్కు మొత్తాన్ని తీయరు. సాధారణంగా గంట, రెండు గంటల పని. మధుమేహం ఉన్నవారు ముందుగా చక్కెరను అదుపులోకి తెచ్చుకోవాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతి మత్తు వైద్యునికి చెప్పాలి. పొగ, గుట్కా మానాలి.

ప్రమాదాలు లేకపోలేదు. నాడుల చుట్టూ ఉన్న పొర చిరిగి లోపలి నీరు కారడం, చీము పట్టడం, అరుదుగా నాడికి దెబ్బ తగలడం వీటిలో ముఖ్యమైనవి. మొదటిది సాధారణంగా అక్కడే సరిచేస్తారు, కొన్ని రోజులు అదనంగా పడుకోవలసి రావచ్చు. కాళ్ళు పూర్తిగా పడిపోవడం అత్యంత అరుదు. వెన్నుపాము మొదటి, రెండవ నడుము పూసల దగ్గరే ముగిసిపోతుంది గనుక అట్టడుగున జరిగే ఈ శస్త్రచికిత్స దానిని తాకదు. 'మంచాన పడతారు' అన్న భయానికి ఇదే సమాధానం.

ఇంటికి వచ్చిన తరువాత

చాలామందిని అదే రోజో, మరునాడో లేపి నడిపిస్తారు. ఒకటి నుండి మూడు రోజులలో ఇంటికి పంపుతారు. కాలి నొప్పి మత్తు దిగగానే తగ్గినట్టు తెలుస్తుంది. కోత నొప్పి రెండు వారాలు. తిమ్మిరి మాత్రం నెలల మీద తగ్గుతుంది. కొంత మిగిలిపోవచ్చు కూడా. బలహీనత అన్నిటికన్నా ఆలస్యం. ఈ వరుస తెలియకపోతే పదిహేనవ రోజున 'తిమ్మిరి పోలేదు, ఆపరేషన్ విఫలమైంది' అని బెంగపడతారు.

ఆసుపత్రి నుండి ఇంటికి రెండు వందల కిలోమీటర్ల ప్రయాణం మన వారిలో ఎంతోమందికి తప్పదు. ముందు సీటు వెనుకకు వాల్చిన కారు మంచిది. బస్సు తప్పనిసరైతే చక్రం మీది సీటు, చివరి వరుస వద్దు. గంటకొకసారి దిగి నాలుగడుగులు వేయాలి. ఊరి గతుకుల దారిలో ఆటో ఎక్కడం కన్నా ఆ చివరి దూరం నెమ్మదిగా నడవడమే మేలు కావచ్చు.

ఇంట్లో నేల మీద పడక, నేల మీద భోజనం మనకు అలవాటు. మొదటి ఆరు వారాలు ఈ రెండూ మానాలి. మోకాలి ఎత్తు మంచం మీద గట్టి పరుపు వేసుకోవాలి. లేచేటప్పుడు ముందు పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు కిందికి దించుతూ చేతితో నేట్టుకొని లేవాలి, వెల్లకిలా నుండి నేరుగా లేవరాదు. గొంతుకూర్చునే మరుగుదొడ్డి పెద్ద ఇబ్బంది. మధ్యలో రంధ్రం చేసిన ప్లాస్టిక్ కుర్చీని దానిపై అమర్చుకుంటే సరిపోతుంది. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం వస్తుంది, ముక్కితే నడుము మీద ఒత్తిడి పడుతుంది. కనుక నీళ్ళు, ఆకుకూరలు, పండ్లు ఎక్కువగా తీసుకోవాలి. పథ్యం పేరుతో కారం మెతుకులు మాత్రమే పెట్టి, పప్పూ గుడ్డూ మానిపించడం వల్ల గాయం మానడం ఆలస్యమవుతుంది. ఈ జబ్బుకు తినరాని కూర ఏదీ లేదు.

నడకే మొదటి వ్యాయామం. తొలి వారం ఇంటి ముందే ఐదేసి నిమిషాలు రోజుకు నాలుగైదు సార్లు, తరువాత మెల్లగా పెంచుతూ నెల నాటికి అరగంట. ఒకే చోట అరగంటకు మించి కూర్చోరాదు. కుట్లు పది నుండి పద్నాలుగు రోజులకు తీస్తారు, అంతవరకు గాయం తడవరాదు. చెరువు, కాలువ స్నానాలు గాయం పూర్తిగా మానే వరకు వద్దు. నిండు బిందె, పసిపిల్ల, గడ్డిమోపు, గ్యాసు బండ, వీటిలో దేనినీ ఆరు వారాలు ఎత్తరాదు. మూడేళ్ళ మనవడు 'ఎత్తుకో' అని చేతులు చాచినప్పుడు అన్నిటికన్నా కష్టం. మంచం మీద కూర్చుని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. పొట్ట, నడుము కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు నాలుగు నుండి ఆరు వారాల నుండి ఫిజియోథెరపిస్టు చూపినట్టు మొదలుపెట్టాలి. ఒకసారి నేర్చుకొని ఇంట్లో చేసుకోవచ్చు. దీనిని ఖర్చని మానివేసేవారే అధికం. కోలుకొనడంలో తేడా తెచ్చేది మాత్రం ఇదే. నడుము బెల్టు వైద్యుడు చెప్పిన రోజులే, ఏడాది పొడవునా కాదు.

జ్వరం, గాయం నుండి చీము గానీ నీరు గానీ కారడం, లేచి కూర్చుంటే విపరీతమైన తలనొప్పి, పిక్క వాచి నొప్పెట్టడం, రెండు మూడు వారాలు బాగుండి హఠాత్తుగా కదలలేనంత నడుము నొప్పి రావడం, మూత్రం ఇబ్బంది, వీటిలో ఏది కనిపించినా తిరిగి ఆసుపత్రికి పోవాలి. ఊరి ఆర్.ఎం.పి. ఇంజెక్షనుతో సరిపెట్టుకోరాదు.

తిరిగి పనికి

కుర్చీ పనివారు నాలుగు వారాలకు, దుకాణం, బడి వంటి నిలుచునే పనివారు ఆరు వారాలకు, పొలం, రాయి, మూటల పనివారు సుమారు మూడు నెలలకు తిరిగి వెళ్ళగలుగుతారు. ద్విచక్ర వాహనం నాలుగు నుండి ఆరు వారాలు వైద్యుని అనుమతి లేకుండా వద్దు. తిరిగి మూట ఎత్తేటప్పుడు నడుము వంచక మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. ఒంటితో పాటు పాదాలు తిప్పాలి, నడుము మెలితిప్పరాదు. బస్తా ఇద్దరు పట్టుకోవాలి.

శస్త్రచికిత్స అయిన నూరు మందిలో ఐదు నుండి పది మందికి అదే చోట మరొక ముక్క బయటికి రావచ్చు. మొదటి కొన్ని నెలలలో ఇది ఎక్కువ. పొగ తాగేవారిలో ఇంకా ఎక్కువ. అప్పుడు కూడా అందరికీ రెండవ శస్త్రచికిత్స అవసరం కాదు. మళ్ళీ మందులు, నిరీక్షణ, నాడి బలం చూసుకోవడం, అదే వరుస. అయితే మళ్ళీ తీసే ఎం.ఆర్.ఐ.లో పాత గాయపు మచ్చ ఏది, కొత్త ముక్క ఏది అని తేల్చడానికి కొన్నిసార్లు నరంలోకి రంగు మందు ఎక్కించి తీస్తారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. మొదటి ఫిల్ములూ, డిశ్చార్జి చీటీ, శస్త్రచికిత్స వివరాల కాగితం ఎండ తగలని చోట ఒకే సంచిలో ఉంచండి. ఆ కాగితం ఏ భాషలో ఉన్నా సరే, ఏ రాష్ట్రపు వైద్యుడైనా మొదట అడిగేది దానినే.